చెయ్యి అడ్డం పెట్టాను

మొన్న ఆదివారం రాత్రి మా మనవరాలు ఫోన్ చేసింది. గవర్నమెంటు స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. అక్కడ ఆడపిల్లలకు కరాటే నేర్పుతున్నారు. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద జరిగే శిక్షణ అది. రాణీ లక్ష్మీబాయి పేరు పెట్టారు, మూడు నెలలు ఉంటుంది. నేర్పే సారు ‘సెల్ఫ్ డిఫెన్స్ అంటే ఏమిటి’ అని ఇంగ్లీషులో ఒక పేజీ రాసుకు రమ్మన్నారట.

“తెలుగులో ఆత్మరక్షణ అని రాసుకున్నాను అమ్మమ్మా. ఆ తర్వాత ఏం రాయాలి?” అంది.

పొద్దున చెబుతాలే, పడుకో అన్నాను. అది పడుకునే ఉంటుంది, నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఈ మాట దగ్గర నేను ఒకసారి పెద్ద తప్పు చేయబోయాను. ఆ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

నేను ముప్పై ఏళ్లు జిల్లా కోర్టులో పనిచేశాను. టైపిస్టుగా చేరి, తర్వాత ట్రాన్స్‌లేటర్‌నయ్యాను. ఆ సీటు పని ఏమిటో బయట చాలామందికి తెలియదు. సెషన్స్ కోర్టులో శిక్ష పడిన కేసు అప్పీలుకి వెళ్తే, రికార్డులో తెలుగులో ఉన్న కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మార్చి హైకోర్టుకి పంపాలి. పోలీసుల దగ్గర రాయించిన ఫిర్యాదు, పంచనామాలు, ముద్దాయి చెప్పుకున్న మాటలు, అన్నీ. సెషన్స్ జడ్జిగారు ఆ మనిషిని ఎదురుగా చూసి, నోటి మాట తెలుగులోనే వింటారు. పైకోర్టులో అప్పీలు వినేవారి ముందు ఉండేది మేము టైపు చేసి పంపిన కాగితమే.

తొంభైల్లో సంగతి. నేను ఆ సీట్లోకి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఒక హత్య కేసు వచ్చింది. ముద్దాయి ఆడమనిషి. యాభైకి దగ్గర వయసు, భర్త పోయి చాలా ఏళ్లయింది. పొలానికి నీళ్లు పెట్టుకునే వంతు దగ్గర మరిదితో తగాదా. తెల్లవారుజామున కాలవ గట్టు మీద గొడవ జరిగింది. తలకు దెబ్బలు తగిలి మరిది మూడో రోజు ఆసుపత్రిలో చనిపోయాడు. సెషన్స్ కోర్టు 302 సెక్షన్ కింద ఆవిడకి యావజ్జీవ శిక్ష వేసింది.

సాక్షులందరి వాంగ్మూలాలు అయ్యాక జడ్జిగారు ముద్దాయిని అడగాల్సినవి అడిగి, జవాబులు రాయిస్తారు. నేర విచారణ పద్ధతి చెప్పే పాత సీఆర్‌పీసీ చట్టంలో అది 313వ సెక్షన్. ఆవిడ చెప్పిన జవాబు చాలా చిన్నది.

“మా మరిది కొడవలి ఎత్తాడండి. చెయ్యి అడ్డం పెట్టాను. తెగింది. కర్ర అడ్డం తిప్పాను.”

అంతే. ఇది ఆత్మరక్షణ అని ఆవిడ అనలేదు. ఆ మాట ఆవిడకి తెలిసి కూడా ఉండదు.

నేను దాన్ని గబగబా టైపు చేశాను. చివరి వాక్యానికి ‘ఐ స్వంగ్ ద స్టిక్ ఎట్ హిమ్’ అని రాశాను. ఇంగ్లీషులో చదవడానికి బాగానే ఉందనిపించింది. మా సూపరింటెండెంట్ గారు ప్రతి పేజీ తెలుగు కాగితం పక్కన పెట్టుకుని చదివేవారు. ఆ పేజీ దగ్గర ఆగి, ఎర్ర పెన్సిల్‌తో కింద గీత గీసి నన్ను పిలిచారు.

“అమ్మా, ఈ ‘ఎట్ హిమ్’ ఆవిడ ఎక్కడ అంది?”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన లేచి నిలబడి, బల్ల మీది రూళ్లకర్ర తీసుకుని, రెండు చేతులతో మొహం ముందు అడ్డంగా పట్టుకున్నారు. “ఆవిడ చెప్పింది ఇది” అన్నారు. తర్వాత అదే రూళ్లకర్రని ఒక చేత్తో నా వైపు ఊపారు. నేను తెలియకుండానే వెనక్కి జరిగాను. “నువ్వు రాసింది ఇది.”

తల ఎత్తలేకపోయాను. ఆవిడ జైల్లో ఉంది. నేను ఫ్యాను కింద కూర్చుని ఆవిడ నోట్లో లేని మాట పెట్టాను. ‘ఎట్ హిమ్’, అతని మీదికి. ఆ రెండు చిన్న ముక్కలతో, మీదికి వచ్చినదాన్ని అడ్డుకున్న మనిషి మీదికి వెళ్లి కొట్టిన మనిషి అయిపోయేది. పేజీ మొత్తం మళ్లీ టైపు చేశాను. ‘క్రాస్‌వైజ్’ అని రాశాను, ‘ఎట్ హిమ్’ తీసేశాను.

ఆ సాయంత్రం ఆయన తన సొంత నిఘంటువు నాకు ఇచ్చి పంపారు, డిఫెన్స్ అనే మాట చూసుకుని రమ్మని. ఆ రాత్రి చదివినది ఇప్పటికీ మర్చిపోలేదు. మనవరాలికి కూడా ముందు అదే చెప్పాను.

డిఫెన్స్ లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి వచ్చింది. లాటిన్‌లో ‘ఫెండెరే’ అంటే కొట్టడం, తోయడం. దానికి ముందు దూరంగా అనే అర్థమిచ్చే ‘డే’ చేరింది. మీదికి వచ్చేదాన్ని దూరంగా నెట్టడం డిఫెన్స్. అదే ఫెండెరేకి ఎదురుగా అనే అర్థమిచ్చే ‘ఒబ్’ చేరితే అవతలివాడికి తగిలేలా కొట్టడం. అఫెన్స్ అనే మాట అందులోంచి వచ్చింది. అఫెన్స్ అంటే కోర్టు భాషలో నేరం. రెండు మాటలూ ఒకే దెబ్బలోంచి పుట్టాయి. దెబ్బ ఎటు నుంచి ఎటు వెళ్తోందన్నదే తేడా. మా సూపరింటెండెంట్ గారు రూళ్లకర్రతో చూపించింది కూడా సరిగ్గా ఇదే.

మన శిక్షాస్మృతిలో ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో పక్కపక్కన కనిపిస్తాయి. మెకాలే ఆధ్వర్యంలో 1837లో ముసాయిదా తయారై, 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐపీసీలో 96వ సెక్షన్ అది. ప్రైవేట్ డిఫెన్స్ హక్కును వాడుకుంటూ చేసినది ఏదీ అఫెన్స్ కాదు అని దాని సారం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో ఇది 34వ సెక్షన్ అయింది. అంకె మారింది కానీ ఆ వాక్యం అలాగే ఉంది. ఇన్నేళ్లలో నేను చదివిన చట్టం వాక్యాలన్నిటిలోకీ నాకు ఇష్టమైనది అదే.

ఫెన్స్ అనే మాట కూడా డిఫెన్స్‌లోంచి మొదటి అక్షరం జారిపోయి మిగిలినదే. మన రైతులు పొలానికి ఫెన్సింగ్ వేయించాం అంటారు చూడండి, అదే ఫెన్స్. కత్తులతో ఆడే ఆటకి ఫెన్సింగ్ అని పేరు కూడా ఇక్కడి నుంచే వచ్చింది. రేవులో పడవ గోడకి కొట్టుకోకుండా పక్కన వేలాడదీసే టైర్లని ఫెండర్లు అంటారు, అదీ ఈ ఇంటిదే. అన్నిట్లోనూ మధ్యలో ఏదో ఒకటి అడ్డంగా ఉంది.

అందుకే ఆ మాటకి సరైన తెలుగు మాట ఆవిడే చెప్పిందని నాకు అనిపిస్తుంది. అడ్డం. ఆత్మరక్షణ మంచి మాటే, కాదనను. కానీ ఆ మాట వింటే నాకు ఏమీ కనబడదు. అడ్డం అంటే చెయ్యి కనబడుతుంది, కర్ర కనబడుతుంది. మనకి కాచుకోవడం అనే మాట కూడా ఉంది. మా ఊళ్లో కర్రసాము నేర్పే పెద్దాయన దెబ్బ వేసే ముందు ఎదుటి కుర్రాడితో ‘కాసుకో’ అనేవాడు. దెబ్బ వస్తోంది, అడ్డం పెట్టుకో అని. కాపు, కాపలా, కాపాడటం, అన్నీ ఆ కాచు అన్న మాట చుట్టాలే.

ఇక ఇంగ్లీషులో వాడేటప్పుడు పిల్లలు తడబడే చోట్లు రెండు ఉన్నాయి. చేసేసిన పని గురించి అయితే ‘ఇన్ సెల్ఫ్ డిఫెన్స్’ అనాలి. అతను ఇన్ సెల్ఫ్ డిఫెన్స్ తోశాడు, అలా. దగ్గర ఉంచుకునే వస్తువు గురించి, నేర్చుకునే విద్య గురించి అయితే ‘ఫర్’ అంటే సరిపోతుంది. మిరియాల స్ప్రే ఫర్ సెల్ఫ్ డిఫెన్స్. స్పెల్లింగ్‌లో మనం బ్రిటిష్ పద్ధతిలో చివర ‘సీ ఈ’ రాస్తాం, అమెరికాలో ‘ఎస్ ఈ’ రాస్తారు. మా చెల్లెలి కొడుకు అక్కడి నుంచి పంపే మెసేజీల్లో అలాగే ఉంటుంది. రెండూ తప్పు కాదు, ఒకే పేజీలో రెండూ కలపకుండా ఉంటే చాలు.

ఇవన్నీ చెబుతుంటే మా మనవరాలు మధ్యలో ఒక ప్రశ్న అడిగింది. “అమ్మమ్మా, అక్కని ఎవరైనా కొడుతుంటే నేను అడ్డం వెళ్తే? అది సెల్ఫ్ కాదు కదా?”

ఎంత మంచి ప్రశ్నో చూడండి. మన చట్టం సెల్ఫ్ డిఫెన్స్ అని కాకుండా ప్రైవేట్ డిఫెన్స్ అంటుంది. ప్రైవేట్ అంటే ఇక్కడ రహస్యమని కాదు. పోలీసు, ప్రభుత్వం ఆదుకోవడానికి వీల్లేని ఘడియలో ఒక మామూలు మనిషి చేసుకునే రక్షణ అని. పాత 97, కొత్త 35వ సెక్షన్ చూస్తే నీ ఒంటినే కాదు, ఇంకెవరి ఒంటినైనా కాపాడవచ్చని ఉంటుంది. వాళ్లు నీకు చుట్టం కానక్కర్లేదు. బస్టాండులో ముక్కూ మొహం తెలియని పిల్ల చెయ్యి ఎవడో పట్టుకుని లాగుతున్నా నువ్వు అడ్డం వెళ్లవచ్చు. ఆస్తిని కాపాడుకునే హక్కు కూడా అందులోనే ఉంది. ఆత్మరక్షణ అనే తెలుగు మాటలో ఈ పక్కవాళ్లు కనపడరు. పిల్లలకి ఇది చెప్పకుండా గుద్దులు మాత్రమే నేర్పితే సగమే నేర్పినట్టని నా నమ్మకం.

ప్రాణం తీసే దాకా వెళ్లే హక్కు ఎప్పుడు ఉంటుందో కూడా చట్టంలో విడిగా రాసి ఉంది. చంపేస్తాడనో, తీవ్రంగా గాయపరుస్తాడనో సబబైన భయం ఉన్నప్పుడు, అత్యాచారం చేయబోయినప్పుడు, ఎత్తుకుపోబోయినప్పుడు, ఇలా కొన్ని. 2013లో యాసిడ్ దాడిని కూడా ఆ జాబితాలో చేర్చారు. దాడి పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు. ప్రమాదం ఉందన్న సబబైన భయం పుట్టగానే హక్కు మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతసేపూ ఉంటుంది. పోలీసుల దగ్గరికి వెళ్లే సమయం ఉంటే మాత్రం ఈ హక్కు లేదు. అడ్డుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు.

ఈ ఆఖరి షరతు గురించి మా వైపు రైతులకి గట్టిగా చెప్పాలని ఎప్పుడూ అనుకుంటాను. అడవిపందులు చేను తొక్కేస్తున్నాయని కంచెకి నేరుగా కరెంటు ఇస్తారు. రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లే పక్క పొలం మనిషి ఆ తీగ తగిలి చనిపోతాడు. అలాంటి కేసుల కాగితాలు నా చేతుల మీదుగా వెళ్లాయి. పోస్టుమార్టం రిపోర్టు టైపు చేస్తుంటే చేతులు ఆగిపోయేవి. నా చేను, నా కంచె, నేను కాపాడుకున్నాను అంటే కోర్టు ఒప్పుకోదు. 1963లోనే సుప్రీంకోర్టు ఛెరుబిన్ గ్రెగరీ అనే బీహారు కేసులో ఈ సంగతి తేల్చింది. పక్కింటివాళ్ల మరుగుదొడ్డి గోడ కూలిపోతే వాళ్లు ఇతని మరుగుదొడ్డి వాడుకోవడం మొదలుపెట్టారు. వద్దన్నా వినలేదని ఇతను దారిలో తొడుగు లేని రాగి తీగ కట్టి కరెంటు ఇచ్చాడు. ఒకావిడ ప్రాణం పోయింది. ఆస్తిని కాపాడుకునే హక్కు అన్న వాదనని కోర్టు తోసిపుచ్చి శిక్షని ఖాయం చేసింది. అనుమతి లేకుండా లోపలికి వచ్చినంత మాత్రాన ఆ మనిషి ప్రాణానికి విలువ లేకుండా పోదు. కంచె లోపలికి రానివ్వకుండా ఆపాలి గానీ చంపడానికి కాచుకుని కూర్చోకూడదు.

తెలుగు పత్రికల్లో ఈ మాట ఇంకో రెండు రకాలుగా కనిపిస్తుంది. రాజకీయ వార్తల్లో ‘అధికార పక్షం ఆత్మరక్షణలో పడింది’ అని రాస్తారు. జవాబు చెప్పుకోలేని స్థితి అని అర్థం, ఇంగ్లీషులో డిఫెన్సివ్ అనేదానికి బదులుగా వాడతారు. రెండోది ఎన్‌కౌంటర్ వార్తల్లో వచ్చేది. ‘ఆత్మరక్షణ కోసం పోలీసులు కాల్పులు జరిపారు’ అన్న వాక్యం చదువుతూనే నా తరం పెరిగింది. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు కూడా అదే వాక్యం వచ్చింది. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ మాత్రం ఆ వాదన నమ్మదగినది కాదని నివేదిక ఇచ్చింది. ఆ నలుగురి మీద ఉన్న ఆరోపణ తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగులుతుంది. అయినా అడ్డం పెట్టడం అనే మాటని అక్కడ వాడితే నేను ఒప్పుకోలేను. పోలీసులకైనా మామూలు మనిషికైనా, ఆ మాట అన్నంత మాత్రాన సరిపోదు, అలా జరిగిందని కనబడాలి.

కాలవ గట్టు కేసుకి వస్తాను. రెండున్నరేళ్లకి హైకోర్టు తీర్పు కాపీ మా ఆఫీసుకి వచ్చింది. అందులో డాక్టరు సాక్ష్యం గురించి చాలాసేపు చర్చ ఉంది. ఆవిడ ఎడమ ముంజేతి మీద లోతుగా తెగిన గాయం ఉంది. అలాంటివాటిని వైద్యంలో డిఫెన్స్ గాయాలు అంటారు. మొహం మీదికి వచ్చే ఆయుధానికి మనిషి చెయ్యి అడ్డం పెడితే ముంజేతికో అరచేతికో తగిలేవి. ఆ గాయం ఎలా వచ్చిందో ప్రాసిక్యూషన్ చెప్పలేకపోయింది. ఆవిడ నోటితో ఆత్మరక్షణ అనకపోయినా, రికార్డులో అది కనబడుతుంటే కోర్టు చూడవచ్చు. ముద్దాయి దాన్ని అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, అలాగే జరిగి ఉండవచ్చని మొగ్గు చూపితే చాలు. ఆవిడకి హక్కు ఉందని హైకోర్టు ఒప్పుకుంది.

కానీ అతని తల మీద గాయాలు రెండు. ఒకటి నుదుటి మీద, రెండోది తల వెనక. మొదటిది కర్ర అడ్డం తిప్పినప్పుడు తగిలి ఉంటుంది. రెండోది అతను తూలి అటు తిరిగాక పడింది. అక్కడ హద్దు దాటింది అన్నారు. హక్కును సద్భావంతో వాడుకుంటూ, ముందుగా అనుకోకుండా హద్దు దాటితే దాన్ని హత్య అనకూడదని ఐపీసీ 300వ సెక్షన్‌లో రెండో మినహాయింపు ఉంది. దాని కింద శిక్షని అప్పటిదాకా జైల్లో గడిపిన కాలానికి తగ్గించి విడుదల చేయమన్నారు.

ఆ తీర్పు చదివి నేను ఆవిడని తప్పు పట్టలేకపోయాను, తీర్పునీ తప్పు పట్టలేకపోయాను. కొడవలితో చెయ్యి తెగి రక్తం కారుతున్న మనిషికి, ఇంకా తెల్లవారని చీకట్లో, మొదటి దెబ్బకీ రెండో దెబ్బకీ మధ్య ఎంత సమయం ఉండి ఉంటుంది? ఒక్క ఊపిరి. ఆ ఒక్క ఊపిరిలో భయం ఇంకా ఉందా, పోయిందా అన్నది ఇన్ని పేజీల ప్రశ్న అయింది. అలాంటి చోట మనుషుల చేతిని బంగారం తూచే త్రాసులో పెట్టి తూచకూడదని మన కోర్టులే చాలాసార్లు అన్నాయి. ఆ మాట చదివినప్పుడల్లా ఆవిడే గుర్తొస్తుంది.

సోమవారం పొద్దున మనవరాలికి ఇదంతా నెమ్మదిగా చెప్పాను. గాయాల గురించి తక్కువే చెప్పాను.

“మరి వాడు కిందపడ్డాక కొట్టకూడదా?” అంది.

“మీ సారు ఏం చెప్పారు?”

“గట్టిగా అరవమన్నారు. ఒక్కటి తగిలించి పరిగెత్తమన్నారు. నిలబడొద్దన్నారు.”

“సారు సరిగ్గా చెప్పారు. అదీ రాయి” అన్నాను. 112కి ఫోన్ చేయడం కూడా రాయమన్నాను.

సాయంత్రం తను రాసింది చదివి వినిపించింది. మొదటి వాక్యం ముందు తెలుగులో రాసుకుందట. ‘మన మీదికి గానీ మన పక్కవాళ్ల మీదికి గానీ వచ్చే దెబ్బకి చెయ్యి అడ్డం పెట్టడం.’ ఇంగ్లీషులోకి మార్చబోతే ‘అడ్డం’ దగ్గర ఆగిపోయిందట. క్రాస్‌వైజ్ అని చెప్పాను. స్పెల్లింగ్ ఒక్కొక్క అక్షరమే చెబుతుంటే రాసుకుంది.